కరణం పోయాడు, కర్ణం రాలేదు

మా ఉప్పల్‌లోనూ, పక్కనున్న నాచారం, మల్లాపూర్, రామంతాపూర్‌లలోనూ ఏ ఇంటి దస్తావేజు తెరచి చూచినా చివరి పుటలలో ఒక షెడ్యూలు కనిపిస్తుంది. సర్వే నంబరు, ప్లాటు నంబరు, ఇన్ని చదరపు గజాలు, వాటికి సమానమైన ఇన్ని చదరపు మీటర్లు, ఆపైన తూర్పు, పడమర, ఉత్తర, దక్షిణ హద్దులు. కొన్నిటికి జతపరచిన నక్షాలో నాలుగు వైపుల పొడవులూ ఉంటాయి. నేను చదివిన వాటిలో ఒక్కదానిలోనూ కనిపించనిది కర్ణం. అనగా ఒక మూల నుండి ఎదుటి మూలకు గల దూరం. ఆ ఒక్క అంకె లేనందువల్ల తక్కిన నాలుగు అంకెలూ నేలను పట్టి నిలపలేకపోతున్నాయని, దాని ఫలితాన్ని సామాన్యులు ఇరుగుపొరుగు తగాదాల రూపంలో అనుభవిస్తున్నారని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు పండితుడికి భూమి కొలతలతో ఏమి పని అని చదువరులు అడగవచ్చు. మా ప్రాంతంలో దస్తావేజులు చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి. పాతవి తెలుగులో ఉన్నా అందులో సగం మాటలు పారశీకం నుండి ఉర్దూ మీదుగా వచ్చినవి. కనుక బడిలో పనిచేసినన్నాళ్ళూ, విశ్రాంతి తీసుకున్న తరువాతా పిల్లల తల్లిదండ్రులు కాగితాలు పట్టుకొని వస్తూనే ఉన్నారు. "సారూ, ఈ కాయితం జెర సదివి చెప్పుండ్రి" అని అడిగినవారికి మాట అర్థం చెప్పగానే సరిపోదు. అంకె అర్థం కూడా చెప్పవలసి వస్తుంది. ఆ విధంగా నాకు ఈ విద్య కొంత అబ్బింది.

అట్లా నా వద్దకు వచ్చిన ఒక కాగితం సంగతి చెబుతాను. ఊరు, పేర్లు అనవసరం. లెక్క సులువుగా ఉండడానికి అంకెలను కొద్దిగా సవరించాను. స్థలానికి తూర్పు 60 అడుగులు, పడమర 30, దక్షిణం 40, ఉత్తరం 50. అమ్మినవారి మేస్త్రీ అందరూ వేసే లెక్కే వేశాడు. తూర్పు పడమరల సగటు 45, ఉత్తర దక్షిణాల సగటు 45, రెంటినీ గుణిస్తే 2025 చదరపు అడుగులు. తొమ్మిదితో భాగిస్తే 225 గజాలు. దస్తావేజులో 225 గజాలే ఎక్కాయి. సొమ్ము కూడా 225 గజాలకే ముట్టింది. కొన్నేళ్ళ తరువాత ఇల్లు కట్టబోయి సర్వేయరును పిలిపిస్తే 200 గజాలే తేలాయి.

ఇంకేముంది, పక్కవాళ్ళు పాతిక గజాలు కలుపుకొన్నారని ఆ ఇల్లాలు నిశ్చయించుకొన్నది. అంతవరకు అక్కా, వదినా అని పిలుచుకొన్న రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోయాయి. గోడ కట్టడం, కూల్చడం, పెద్దమనుషులు, పోలీసు ఠాణా అన్నీ అయ్యాయి. చివరకు ఆ కాగితం నా ముందుకు వచ్చినప్పుడు మేము చేసిన పని ఒక్కటే. టేపు తీసుకొని వెళ్ళి వాయవ్య మూల నుండి ఆగ్నేయ మూలకు కొలిచాము. 50 అడుగులు వచ్చింది. ఆ కర్ణం స్థలాన్ని రెండు త్రిభుజాలుగా చీలుస్తుంది. ఒకదాని భుజాలు 30, 40, 50. దాని వైశాల్యం 600 చదరపు అడుగులు. రెండవదాని భుజాలు 50, 50, 60. దాని వైశాల్యం 1200. మొత్తం 1800 చదరపు అడుగులు, అనగా సరిగ్గా 200 గజాలు. పక్కవాళ్ళు అంగుళం కూడా జరగలేదు. ఆ పాతిక గజాలు భూమి మీద ఎన్నడూ లేవు. అవి గుణకారంలో పుట్టి, కాగితం మీద పెరిగి, రెండు కుటుంబాలను విడదీశాయి.

దీనిలోని సూక్ష్మం గ్రహించాలి. నాలుగు భుజాల పొడవులు తెలిసినంత మాత్రాన చతుర్భుజం వైశాల్యం తెలియదు. నాలుగు కర్రలను మూలల్లో మేకులతో బిగించి చూడండి. కర్రల పొడవు మారకుండానే చట్రం అటూ ఇటూ ఒరుగుతుంది. ఒరిగినకొద్దీ లోపలి చోటు మారుతుంది. పైన చెప్పిన నాలుగు కొలతలనే తీసుకొంటే, కర్ణం 50 అడుగులైతే 200 గజాలు, అదే కర్ణం 30 అడుగులైతే 133 గజాలు కూడా నిండవు. ఎంత అనుకూలంగా సర్దినా 211 గజాలు దాటవు. 225 గజాలన్నది ఆ నాలుగు భుజాలతో ఈ లోకంలో సాధ్యమే కాని అంకె. అయినా అది రిజిస్టరు అయింది, ముద్ర పడింది, పన్ను కట్టబడింది.

సగటుల గుణకారం మేస్త్రీ కనిపెట్టినది కాదు. ప్రాచీన ఈజిప్టులోనూ ఇదే వాడారు. నాలుగు మూలలూ సమకోణాలైనప్పుడు మాత్రమే అది సరిపోతుంది. తక్కిన అన్ని సందర్భాలలోనూ ఉన్నదానికంటె ఎక్కువే చూపుతుంది, తక్కువ ఎన్నడూ చూపదు. కనుక ఈ లెక్క ఎప్పుడూ అమ్మేవాడి పక్షమే. కొనేవాడికి ఒక్కసారి కూడా మేలు చేయని లెక్క ఇంతకాలం నిలిచిందంటే దానికి కారణం కొనేవాడి అజ్ఞానం ఒక్కటే.

మన శాస్త్రకారులకు ఈ సంగతి తెలియనిది కాదు. బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ఈ సగటుల లెక్కను స్థూలఫలమన్నాడు. సూక్ష్మఫలానికి వేరే సూత్రం చెప్పాడు. అది కూడా నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద ఉన్న క్షేత్రానికే పూర్తిగా సరిపోతుంది. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో వ్యావహారికం, సూక్ష్మం అంటూ ఈ రెంటినీ విడదీసి చెప్పాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మన భాషలో గణితశాస్త్రం ఎంత ముందుగా పద్యం కట్టుకొన్నదో చెప్పుకొని గర్వపడుతుంటాము. ఆ గర్వం దస్తావేజు దాకా రాకపోవడమే విచారం.

1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో మరీ ఘాటుగా చెప్పాడు. కర్ణమో లంబమో చెప్పకుండా చతుర్భుజానికి నియతమైన ఫలం ఎంత అని అడిగేవాడు పిశాచమేనని, చెప్పబూనేవాడు అంతకు మించినవాడని ఆయన ఆక్షేపణ. ఆ లెక్కన మన రిజిస్ట్రేషను కార్యాలయాలలో రోజుకు ఎన్ని పిశాచాలు సంతకాలు పెడుతున్నాయో ఊహించుకోవచ్చు.

కర్ణం తరువాత చెప్పుకోవలసినది మాట. కొలతకు అంకె ఎంత ముఖ్యమో దాని పక్కనున్న మాట అంత ముఖ్యం. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. గుంట అంటే 33 అడుగుల చదరం, 121 గజాలు. నిజాం రాజ్యంలో బొంబాయి పద్ధతిని అనుసరించి 33 అడుగుల గొలుసుతో సర్వే జరిగింది. ఆ గొలుసులో 16 ఆణాలు. పాత టిప్పన్లలో కొలతలు గొలుసులు, ఆణాలలోనే కనిపిస్తాయి. ఆంధ్ర ప్రాంతంలో ఎకరానికి 100 సెంట్లు. సెంటు అంటే 48.4 గజాలు. అది 1620లో ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు రూపొందించిన 66 అడుగుల గొలుసు నుండి వచ్చిన లెక్క. ఆ గొలుసుకు 100 లింకులు. రెండు ప్రాంతాలలోనూ ఎకరం 4840 గజాలే. లోపలి భాగాలు వేరు.

ఇప్పుడు ఒక కాగితం మీద 2.20 అని ఉన్నదనుకోండి. గుంటూరు నుండి వచ్చినవారు దానిని రెండెకరాల ఇరవై సెంట్లు అని చదువుతారు. మావాళ్ళు రెండెకరాల ఇరవై గుంటలు, అనగా రెండున్నర ఎకరాలు అని చదువుతారు. ఇరవై సెంట్లు 968 గజాలు, ఇరవై గుంటలు 2420 గజాలు. తేడా 1452 గజాలు. ఒక చిన్న చుక్క ఇంత నేలను మింగగలదు లేదా కక్కగలదు. మన పహాణీలలోని ఆ చుక్క దశాంశ బిందువు కాదు. ఎకరాలనూ గుంటలనూ విడదీసే గీత వంటిది. ఈ సంగతి పల్లెలో పుట్టినవారికి చెప్పనవసరం లేదు. కాని కంప్యూటరు తెర మీద అదే చుక్క చూచిన నగరవాసి దశాంశమనే అనుకొంటాడు. ఉప్పల్ వంటి చోట ఇరుప్రాంతాల వారూ, పరరాష్ట్రాల వారూ పక్కపక్కనే స్థలాలు కొంటారు. కనుక ఈ పొరపాటు ఇక్కడ మరింత సులభం.

ఒకే మాటకు రెండు పరిమాణాలున్న సందర్భాలూ లేకపోలేదు. నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు అంకణం అంటే 36. మా దగ్గర గజం అన్న మాటే చూడండి. బట్టల దుకాణంలో గజం పొడవు, స్థలం బేరంలో గజం వైశాల్యం. "ఇరవై గజాల ముఖం, రెండు వందల గజాల జాగ" అన్న వాక్యంలో గజం రెండు అర్థాలలో వచ్చింది. పెద్దవారికి సందర్భం చెబుతుంది. పిల్లలకు ఎవరు చెబుతారు? 1956 నాటి తూనికలు కొలతల చట్టం నుండి 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం వరకు దేశం మెట్రిక్ పద్ధతినే ప్రమాణంగా పెట్టుకొన్నది. దస్తావేజులో 200 గజాలకు పక్కన 167.2 చదరపు మీటర్లని రాస్తారు కూడా. కాని ఆ రెండవ అంకె చట్టానికి మొక్కుబడి. బేరం గజాలలోనే సాగుతుంది, తగాదా కూడా గజాలలోనే.

మాట మారితే మనిషి స్థితి ఎట్లా మారుతుందో చూడడానికి మాకు ఉప్పల్ భగాయత్ కంటె దగ్గరి ఉదాహరణ లేదు. బాగ్ అంటే పారశీకంలో తోట. నిజాం రెవెన్యూ లెక్కలలో నేలను ఖుష్కీ, తరీ, బాగాత్ అని విభజించేవారు. ఖుష్కీ అంటే మెట్ట, తరీ అంటే మాగాణి, బాగాత్ అంటే నీటి ఆధారంతో తోటలు సాగే భూమి. భగాయత్ అన్న ఊరిపేరులోనే ఆ నేల స్వభావం ఉన్నది. మూసీ ఒడ్డున ఉన్న ఆ భూములను ప్రభుత్వం 2000ల దశకంలో సేకరించింది. కొంత మెట్రో రైలు డిపోకు పోయింది, కొంత లేఔటుగా మారింది. పట్టా భూమి ఇచ్చిన రైతుకు ఎకరానికి 1000 గజాల చొప్పున అభివృద్ధి చేసిన స్థలం ఇవ్వడం ఒప్పందం.

వెయ్యి అన్నది చెవికి పెద్ద అంకె. గజాలను గుంటలలోకి మార్చి చూడండి. 8 గుంటల 32 గజాలు. ఎకరంలో అయిదో వంతుకు కొంచెం ఎక్కువ. ఇది అన్యాయమని నేను తీర్పు చెప్పడం లేదు. రోడ్లకు, కాలువలకు, ఉద్యానాలకు నేల పోతుంది. మిగిలిన నేల విలువ పెరుగుతుంది. ఆ లేఔటులో 2021 డిసెంబరులో జరిగిన వేలంలో గజం ధర లక్ష రూపాయలు దాటింది. కాబట్టి లాభనష్టాల లెక్క వేరు. నేను అడిగేది ఒక్కటే. ఎకరాలలో ఇచ్చినవాడికి తిరిగి వచ్చేది కూడా ఎకరాలు, గుంటలలోనే మొదట చెప్పాలి కదా? తీసుకొనేటప్పుడు ఒక కొలత, ఇచ్చేటప్పుడు మరొక కొలత అయినప్పుడు ఆ రెంటి నడుమనున్న భాగహారం చేయగలవాడిదే పైచేయి.

వామన చరిత్ర మనకు బాల్యం నుండి తెలిసిన కథ. బలి చక్రవర్తి మూడడుగుల నేలకు ఒప్పుకొన్నప్పుడు చూచినది వటువు పాదం. కొలిచినది త్రివిక్రముని పాదం. పోతన భాగవతం అష్టమ స్కంధంలో ఆ ఘట్టాన్ని మనం భక్తితో చదువుతాము, చదవాలి కూడా. అయితే భూమి కొనేవాడు అందులో మరొక పాఠం నేర్చుకోవాలి. అడుగు ఎవరిది అన్నది దానజలం విడవకముందే అడగాలి. శుక్రాచార్యుడు చెప్పజూచినది అదే. 1789లో ఫ్రాన్సు రైతులు రాజుకు పంపిన విన్నపాలలో ఊరికొక కొలత, జమీందారుకొక కొలత పోయి దేశమంతటికీ ఒకే కొలత రావాలన్న కోరిక మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఆ కోరిక నుండే 1795లో మెట్రిక్ పద్ధతి చట్టమైంది. నేడు మన రికార్డులలోని హెక్టారుకు మూలం అది. అనగా కొలతను ఏకం చేయడం పండితుల సరదాగా మొదలుకాలేదు, మోసపోయినవారి మొరగా మొదలైంది.

వైశాల్యం ఒక్కటే నేలను వర్ణించలేదన్నది మూడవ మాట. మన పూర్వులు నేలను విత్తనంతో కొలిచేవారు. పుట్టెడు విత్తనం పట్టే నేల పుట్టెడు, కుంచెడు పట్టేది కుంచెడు. పుట్టెడు దుఃఖం అన్నప్పుడు ఆ పాత కొలతే మన నోట మిగిలి ఉన్నది. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో ఇన్ని ఖండికల విత్తనం పట్టే క్షేత్రమని రాసి, హద్దులుగా చెట్లను, పుట్టలను, చెరువులను పేర్కొన్నారు. ఆ వర్ణన చదివితే ఇప్పటికీ ఆ పొలం కళ్ళకు కడుతుంది.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూమిలేని కుటుంబాల వారు వినోబా భావేను 80 ఎకరాలు అడిగారని మనం చదువుకొన్నాము. వారు అడిగినది ఉత్త 80 ఎకరాలు కాదు. 40 తరి, 40 ఖుష్కి. వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలు ఇస్తానని నిలబడడంతో భూదానోద్యమం పుట్టింది. అక్షరం రాని ఆ నిరుపేదలకు తెలిసిన సత్యం ఏమిటంటే, నీరు పారే ఎకరమూ పారని ఎకరమూ ఒకటి కావు. 1973 నాటి భూసంస్కరణల చట్టం కూడా దీనిని ఒప్పుకొన్నది. మాగాణికి 10 నుండి 27 ఎకరాలు, మెట్టకు 35 నుండి 54 ఎకరాలు అని నేల తరగతిని బట్టి గరిష్ఠ పరిమితి పెట్టింది. గజాలలోకి మారిన నేలకు ఈ వర్ణన ఏమీ మిగలలేదు. ఇది ఒకప్పుడు శిఖమా, అనగా చెరువు లోపలి భూమా, కుంట అడుగా, వాగు దారా అన్నది గజాల అంకె చెప్పదు. వాన వచ్చినప్పుడు నీరు వచ్చి చెబుతుంది. వర్షాకాలంలో మా కాలనీలలో మోకాలి లోతు నీళ్ళలో నడిచినవారికి దీనిని వివరించనక్కరలేదు.

అపార్టుమెంట్ల మాట ఒక్క వాక్యంలో ముగిస్తాను. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో నిర్వచించి, గోడలు, మెట్లు, లిఫ్టు కలిపి చెప్పే పెద్ద అంకె వెనుక అసలు వాడుకొనే చోటు ఎంతో తెలుసుకొనే వీలు కల్పించింది. స్థలాల విషయంలో కూడా అటువంటి స్పష్టతే కావాలంటున్నాను.

ఇక కరణం సంగతి. కర్ణం, కరణం అన్న మాటలు వినడానికి దగ్గరివి. మొదటిది మూల నుండి మూలకు గీసే గీత, రెండవది ఊరి లెక్కలు రాసే మనిషి. మా వైపు ఆయనే పట్వారీ. ఊరి నేల కొలత, హద్దు, పంట, పన్ను అంతా ఆ ఒక్క బస్తాలో మూటకట్టి ఉండేది. ఆ విద్య వంశపారంపర్యంగా ఒక ఇంట్లో ఉన్నందువల్ల తక్కిన ఊరంతా ఆ అరుగు ముందు నిలబడవలసి వచ్చింది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసింది. మంచి పని. దానికి నేను కన్నీరు కార్చడం లేదు. కాని పదవిని రద్దు చేసినంత సులువుగా విద్యను పంచడం జరగలేదు. కరణం పోయిన తరువాత ఆ ఖాళీలోకి దస్తావేజు లేఖరి, బ్రోకరు, మేస్త్రీ వచ్చారు. తెలంగాణలో గ్రామ రెవెన్యూ అధికారులను 2020లో తీసివేశారు. అదే సంవత్సరం ధరణి వచ్చింది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. అధికారి పేరు, పుస్తకం పేరు, తెర పేరు మారుతూ వచ్చాయి. నేల యజమానికి మాత్రం తన నేలను తాను కొలుచుకొనే నేర్పు ఇప్పటికీ చేతికి రాలేదు.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. 1767లో ఏర్పడిన సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ మా ఉప్పల్‌లోనే ఉన్నది. దేశమంతటి నుండి, విదేశాల నుండి కూడా భూమిని కొలిచే విద్య నేర్వడానికి ఇక్కడికి వస్తారు. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ గొలుసు పరచి మొదలుపెట్టిన మహాసర్వే సాగినది త్రిభుజాల మీదనే. చతుర్భుజాన్ని నమ్మరాదు, త్రిభుజాన్ని నమ్మవచ్చు అన్నదే ఆ సర్వే మూలసూత్రం. ఆ విద్యకు పీఠమైన ఊరిలో, ఆ ప్రహరీకి ఇవతల, నాలుగు భుజాల సగటుతో స్థలాలు అమ్ముడుపోతున్నాయి. దీపం కింద చీకటి అంటే ఇదే.

ఈ రోజులలో ఉపగ్రహాలు, డ్రోన్లు వచ్చాయి కదా, టేపు పట్టుకొని తిరగడమేమిటని కొందరు అంటారు. ప్రభుత్వ సర్వేలో వాడే రోవరు అంగుళం తేడా లేకుండా చూపగలదు, నిజమే. కాని అది నా చేతిలో ఉండదు. నా చేతిలో ఉన్న సెల్‌ఫోను కొన్ని మీటర్ల తేడా చూపుతుంది. ముప్పై అడుగుల ముఖమున్న స్థలంలో మూడు మీటర్ల తేడా అంటే మూడో వంతు నేల. అంతేకాదు, ఎంత గొప్ప యంత్రం ఇచ్చిన అంకెనైనా సరిచూచుకొనే దారి యజమానికి ఉండాలి. సరిచూచుకోలేని అంకె ఎవరు ఇచ్చినా అది వరమే గాని హక్కు కాదు.

లేఔటు ప్లాట్లన్నీ చదరంగానే ఉంటాయి, కర్ణం ఎందుకని మరికొందరి ప్రశ్న. 30 అడుగులు, 60 అడుగుల ప్లాటు నిజంగా చదరమైతే దాని కర్ణం 67 అడుగుల ఒక అంగుళం రావాలి. రెండు కర్ణాలూ సమానం కావాలి. రాకపోతే మూలలు సమకోణాలు కావన్నమాట. చదరమని రుజువు చేసేది కూడా కర్ణమే. మూల ప్లాట్లు, నాలా పక్కవి, పాత బాట వెంట ఉన్నవి సరేసరి.

కనుక నా సూచనలు నాలుగు. మొదటిది, ప్రతి దస్తావేజులోనూ నాలుగు భుజాలతో పాటు ఒక కర్ణమైనా రాయాలి. ఏ మూల నుండి ఏ మూలకో దిక్కుల పేరుతో చెప్పాలి. దీనికి కొత్త చట్టమేమీ అక్కరలేదు. రాయించుకొనేవారు అడిగితే చాలు. ఐదు మూలలున్న స్థలానికి రెండు కర్ణాలు కావాలి.

రెండవది, అంకె పక్కన మాట పూర్తిగా రాయాలి. 2.20 అని విడిచిపెట్టక, రెండు ఎకరాల ఇరవై గుంటలు అని అక్షరాలలో రాయాలి. చదరపు మీటర్లు ఎట్లాగూ ఉంటాయి. ఊరివారు వాడే కొలత కూడా ఉండాలి. చెక్కు మీద సొమ్మును అక్షరాలలో రాయించే దేశం నేలను అంకెలకు వదిలివేయడం వింత.

మూడవది, హద్దులు బతికి ఉన్నవై ఉండాలి. పడమర ఇరుగువారి స్థలం అని రాస్తే ఆ ఇరుగు ఎవరో పదేళ్ళకు ఎవరికీ తెలియదు. ప్లాటు నంబరు, రోడ్డు వెడల్పు, ఉన్నట్లయితే బావి, బండ, నాలా రాయాలి. విస్తీర్ణానికీ హద్దులకూ పొసగనప్పుడు న్యాయస్థానాలు సాధారణంగా హద్దులకే ప్రాధాన్యం ఇస్తాయి. అందువల్ల హద్దును వర్ణించే వాక్యం కవిత్వం కంటె జాగ్రత్తగా రాయవలసిన వచనం. అది కొనేవారికి వచ్చిన భాషలో ఉండి, సంతకానికి ముందు వారికి చదివి వినిపించాలి.

నాలుగవది బడి. ఉన్నత పాఠశాలలో త్రిభుజ వైశాల్యం చెబుతాము. మూడు భుజాలు తెలిస్తే వైశాల్యం కనుగొనే సూత్రం ఉన్నదని నేర్పుతాము. ఆ సూత్రాన్ని నల్లబల్ల మీద విడిచిపెట్టక, ముప్పై మీటర్ల టేపు ఇచ్చి పిల్లలను బడి ఆవరణలోకి పంపాలి. ఆవరణను త్రిభుజాలుగా చీల్చి కొలిపించాలి. మరునాడు తెలుగు తరగతిలో ఆ స్థలానికి హద్దులతో సహా ఒక షెడ్యూలు రాయించాలి. లేఖలు, వ్యాసాలు రాయిస్తాము, దస్తావేజు వాక్యం ఎందుకు రాయించరాదు? ఆ పిల్లలలో చాలామంది తమ జీవితంలో చేయబోయే అతి పెద్ద ఖర్చు ఒక స్థలమో ఇల్లో. దానికి పనికివచ్చే రెండు తరగతులు మన పాఠ్యప్రణాళికలో పట్టకపోవు.

నేల మీద ప్రేమ మనవారికి కొత్తగా నేర్పనక్కరలేదు. గుంటెడు జాగ కోసం ఇరవై ఏళ్ళు చీటీలు కట్టినవారు, బంగారం అమ్మినవారు మా వీధిలోనే ఉన్నారు. వారు ఆ కష్టార్జితాన్ని పెట్టి కొనేది మేస్త్రీ గుణకారాన్ని కాకూడదు, మట్టిని కావాలి. మీ ఇంటి దస్తావేజును ఈ ఆదివారం ఒకసారి బయటికి తీయండి. ఇంకా గోడలు లేవని స్థలమైతే టేపు పట్టడానికి పక్కింటివారినే పిలవండి. తగాదా వచ్చిన తరువాత కలిసి కొలవడం కంటె, రాకముందు కలిసి కొలవడం ఇద్దరికీ మర్యాద. మూల నుండి మూలకు వచ్చిన అంకెను ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, ఇద్దరూ సంతకం చేసి దస్తావేజుతో పాటు దాచండి. మీ పిల్లలకు ఆ కాగితం ఎందుకో చెప్పండి.